కాలేజీ కోచ్ ఉద్యోగం ప్రజాసేవకు పనికొస్తుందా? జెరాల్డ్ ఫోర్డ్ ఉదాహరణతో ఒక పాత పీడీ జవాబు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీరు ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్ (పీడీ). వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, అథ్లెటిక్స్ అన్నీ మీరే చూసుకుంటారు. మరోవైపు గ్రూప్స్‌కు చదువుతున్నారు, లా చేయాలన్న ఆలోచన కూడా ఉంది. ఈల ఊదుకుంటూ గడిపిన ఏళ్ళు రేపు ఎందుకూ కొరగావని బంధువులు అంటున్నారు. కళాశాల కోచ్‌గా మొదలై ప్రజాసేవలో పైకి వచ్చినవారు నిజంగా ఉన్నారా, ఉంటే ఆ కోచింగ్ వాళ్ళకు ఏమైనా కలిసొచ్చిందా అని అడిగారు.

ఉన్నారు. అందరికన్నా పైకి వెళ్ళినవారు అమెరికా 38వ అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్. కోచింగ్ పనికొస్తుంది, కానీ సాధారణంగా అనుకునే చోట కాదు. నాయకత్వం, క్రమశిక్షణ, జట్టు స్ఫూర్తి అంటూ వార్షికోత్సవాల్లో ముఖ్య అతిథులు చెప్పే మాటలు పక్కన పెట్టండి. నిజంగా పనికొచ్చేవి వేరే ఉన్నాయి. ఇంకొకరి కింద ఏళ్ళ తరబడి పేరు రాకుండా పనిచేయడం. జాబితాలోంచి ఎవరిని తీసేయాలో తేల్చి ఆ మాట వాళ్ళ ఎదుటే చెప్పగలగడం. తనకు రాని విషయాన్ని త్వరగా నేర్చుకుని మర్నాడు నేర్పడం. కోచింగ్ వల్ల అంటుకునే చెడ్డ అలవాటు కూడా ఒకటుంది, అది తరువాత చెబుతాను.

నేను ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో పీడీగా చేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. నా దగ్గర ఆడిన పిల్లలు కొందరు పోలీసు, అటవీ శాఖల్లో ఉన్నారు. తోటి పీడీలు ఒకరిద్దరు పాలనలోకి, రాజకీయాల్లోకి వెళ్ళారు. చదివినదానికి చూసినదాన్ని కలిపి చెబుతున్నాను.

ముందు ఒక విషయం. అన్ని ఆటలూ ఒక్కరే చూసుకోవడం మన కళాశాలల పేదరికం వల్ల వచ్చిందని మీరు అనుకుంటూ ఉండవచ్చు. అమెరికాలోనూ కళాశాల క్రీడలు మొదలైంది అలాగే. 1892లో షికాగో విశ్వవిద్యాలయంలో చేరిన అమోస్ అలొంజో స్టాగ్ ఫుట్‌బాల్‌తో పాటు బేస్‌బాల్, అథ్లెటిక్స్ కూడా చూసేవారు. శరదృతువులో ఫుట్‌బాల్, చలికాలంలో వ్యాయామశాల, వసంతం రాగానే బేస్‌బాల్, పరుగు పందేలు. కోచ్ ఒక్కడే, కాలాన్ని బట్టి ఆట మారేది. లా చదువుతూనో, చదివేశాకో రెండు మూడేళ్ళు కోచ్‌గా చేసి కోర్టుకో, రాజకీయానికో వెళ్ళినవారు ఆ తరంలో తక్కువేమీ కాదు.

ఆ సంప్రదాయం మనకూ నేరుగా వచ్చింది. బాస్కెట్‌బాల్ పుట్టిన స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ కళాశాలలో చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలను ప్రారంభించారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు భారత జట్టును తీసుకువెళ్ళిన మేనేజరు కూడా ఆయనే. మన జిల్లాల్లో పాతతరం డ్రిల్ మాస్టార్లు చాలామంది అక్కడ తర్ఫీదు పొందినవారే. ఒకే మనిషి అన్ని ఆటలూ నేర్పాలన్న పద్ధతి ఆ దారిన మనదాకా వచ్చింది.

ఇక ఫోర్డ్ విషయం. 1913లో ఒమాహాలో పుట్టి, మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్‌లో పెరిగారు. మిషిగన్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టులో ‘సెంటర్’ స్థానంలో ఆడారు. ఇది మన ఫుట్‌బాల్ కాదు, కోలగా ఉండే బంతితో ఆడే అమెరికా ఆట. సెంటర్ అంటే వంగి నిలబడి, కాళ్ళ మధ్య నుంచి బంతిని వెనక్కి అందించేవాడు. ఆ మరుక్షణం ఎదుటి జట్టు అతని మీద పడుతుంది. ప్రేక్షకుల కళ్ళు మాత్రం బంతి వెంట వెళ్ళిపోతాయి. ఆ జట్టు 1932, 1933లలో జాతీయ విజేత. 1934లో ఫోర్డ్‌కు తన జట్టులో అత్యంత విలువైన ఆటగాడిగా గుర్తింపు వచ్చింది. అయితే ఆ ఏడాది జట్టు గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్.

ఆ ఒక్క మ్యాచ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. 1934 అక్టోబరు 20న మిషిగన్ జట్టు జార్జియా టెక్‌తో ఆడింది. విల్లిస్ వార్డ్ అనే నల్లజాతి ఆటగాడు మిషిగన్ జట్టులో ఉన్నాడు, ఫోర్డ్‌కు స్నేహితుడు. నల్లవాడు బరిలో ఉంటే తాము ఆడబోమని దక్షిణాది జట్టు పట్టుబట్టింది. మిషిగన్ పెద్దలు తలొగ్గి వార్డ్‌ను పక్కన కూర్చోబెట్టారు. ఫోర్డ్ ఆడకుండా మానేద్దామని అనుకున్నారు, వార్డే ఆడమని చెప్పాడు. మిషిగన్ 9-2 తేడాతో గెలిచింది. వార్డ్ తరువాత న్యాయవాది అయ్యాడు, న్యాయమూర్తిగా కూడా చేశాడు. ఫోర్డ్ ఆ రోజును మరచిపోలేదు. 1999లో, ఎనభై ఆరేళ్ళ వయసులో, విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో అన్ని జాతులవారికీ చోటుండాలని వాదిస్తూ న్యూయార్క్ టైమ్స్‌లో రాసిన వ్యాసంలో ఆ సంగతి ఎత్తారు. పీడీగా ఉన్నవాడికి ఈ కథ గుచ్చుకోవాలి. జట్టులో ఎవరుండాలో మైదానం బయటివాళ్ళు తేల్చడం మనకేమీ కొత్త కాదు. కాకపోతే మన దగ్గర వచ్చే ఫోన్లు వేరే కారణాల మీద వస్తాయి.

చదువు అయ్యాక గ్రీన్ బే ప్యాకర్స్, డెట్రాయిట్ లయన్స్ అనే రెండు వృత్తి జట్లు ఫోర్డ్‌ను పిలిచాయి. ఆయన వెళ్ళలేదు. యేల్ విశ్వవిద్యాలయంలో ఏడాదికి 2,400 డాలర్ల జీతానికి సహాయ కోచ్‌గా చేరారు. కారణం చాలా సాదాసీదా. ఆయనకు లా చదవాలని ఉంది, యేల్‌లో లా స్కూలు ఉంది. ఒప్పందంలో ఇంకో మెలిక ఉంది: ఫుట్‌బాల్‌తో పాటు బాక్సింగ్ కూడా నేర్పాలి. ఆయన అంతకుముందు బాక్సింగ్ చేసిన మనిషి కాదు. 1935 వేసవిలో గ్రాండ్ రాపిడ్స్ వైఎంసీఏకు వెళ్ళి దెబ్బలు తిని నేర్చుకుని, సెలవులు కాగానే యేల్ కుర్రాళ్ళకు నేర్పడం మొదలుపెట్టారు.

బయటివాళ్ళకు ఇది వింతగా ఉండవచ్చు, మన వృత్తిలో ఇది మామూలే. నేను ఎన్నడూ ఆడని హ్యాండ్‌బాల్‌కు విశ్వవిద్యాలయం నుంచి ఎంట్రీ పంపమని సర్క్యులర్ వచ్చినప్పుడు నియమాల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. తెలియని పనిని భయపడకుండా అందుకోవడం, అలాగని తెలిసినట్టు నటించకపోవడం. మండల కార్యాలయంలో కొత్తగా చేరిన అధికారికి మొదటి ఆరు నెలలు కావలసింది ఇదే. ఉపాధి హామీ మస్టర్లు, పింఛన్ల జాబితా, తాగునీటి పథకం అన్నీ ఒకేసారి మీద పడతాయి. నాకు తెలిసిన పీడీ ఒకాయన గ్రూప్ వన్ రాసి ఎంపీడీఓ అయ్యారు. రికార్డుల్లో ఆయనకు ఇబ్బంది రాకపోవడానికి కళాశాలలో రాసిన స్టాక్ రిజిస్టర్లూ, టీఏ డీఏ బిల్లులే కారణమని నవ్వుతూ అనేవారు. ఆ మాటలో నిజం చాలానే ఉంది. పన్నెండు మందిని అంతర్ కళాశాలల పోటీకి తీసుకువెళ్ళడమంటే ఒక్కో పిల్లవాడికి అర్హత పత్రం నింపాలి, పదో తరగతి మార్కుల జాబితా జతచేయాలి, ప్రిన్సిపాల్ సంతకం పెట్టించాలి, బస్సు టిక్కెట్లు దాచాలి, తిరిగొచ్చాక ఖర్చు లెక్క చూపాలి. ఒక పత్రం తక్కువైతే మంచి రైడర్ గట్టు మీద కూర్చోవలసి వస్తుంది. ఫైలు విలువ కోచ్‌కు ఇలా తెలుస్తుంది.

యేల్‌లో ఫోర్డ్ ప్రధాన కోచ్ కాలేదు. ద్వితీయ జట్టుకు కోచ్, ముందు వరుసలో (లైన్) ఆడేవాళ్ళకు సహాయ కోచ్, ప్రత్యర్థుల ఆట చూసి నివేదిక రాసుకొచ్చే మనిషి. ఈ చివరి పనికి మన దగ్గర పేరు పెట్టలేదు గానీ, మనమూ చేస్తాం. సెమీ ఫైనల్ ముందు రోజు పక్క కోర్టు దగ్గర నిలబడి, వాళ్ళ స్పైకర్ ఎడమచేతి వాటమా కాదా చూసుకుంటాం. ఆయన దగ్గర ఆడిన కుర్రాళ్ళలో రాబర్ట్ టాఫ్ట్ జూనియర్, విలియం ప్రాక్స్‌మైర్ తరువాత సెనేటర్లయ్యారు.

లా విషయం మీకు సూటిగా వర్తిస్తుంది కాబట్టి వివరంగా చెబుతాను. పూర్తికాలం కోచింగ్ చేస్తూ లా చదవడం కుదరదని యేల్ మొదట ఒప్పుకోలేదు. 1936 వేసవి సెలవుల్లో ఆయన ఎల్లోస్టోన్ పార్కులో రేంజరుగా చేశారు. అక్కడి పనుల్లో ఒకటి, ఎలుగుబంట్లకు మేత తీసుకువెళ్ళే ట్రక్కు మీద తుపాకీతో కాపలా. 1937 వేసవి సెలవుల్లో మిషిగన్‌లో లా తరగతులకు వెళ్ళారు. 1938లో యేల్ ప్రయోగాత్మకంగా రెండు సబ్జెక్టులకు మాత్రమే చేర్చుకుంది. అందులో నెగ్గి, కోచింగ్ వదలకుండానే 1941లో పట్టా అందుకున్నారు. 1935లో అనుకున్న చదువు 1941కి అయింది. మధ్యలో జీతం ఆగలేదు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1942లో నౌకాదళంలో చేరితే వాళ్ళూ ఆయన్ను కోచ్‌గానే వాడుకున్నారు. నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో విమాన చోదకులుగా చేరబోయే కుర్రాళ్ళకు శిక్షణ శిబిరం ఉండేది. అక్కడ తొమ్మిది క్రీడల్లోనూ తర్ఫీదు ఇచ్చారు. ఎక్కువగా ఈత, బాక్సింగ్, ఫుట్‌బాల్. అది చాలక ఓడ మీదికి పంపమని ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి 1943లో మాంటెరే అనే విమానవాహక నౌక ఎక్కారు. సహాయ నావిగేటరు, విమాన విధ్వంసక తుపాకుల అధికారి, వీటితో పాటు ఓడ క్రీడాధికారి కూడా ఆయనే. 1944లో తీసిన ఫొటో ఒకటి చాలామంది చూసే ఉంటారు. విమానాలను పైకెత్తే లిఫ్టు గుంతలో బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు, ఫోర్డ్ బంతి కోసం గాలిలోకి లేచి ఉన్నారు. ఖాళీ జాగా కనిపిస్తే కోర్టు గీసేయడం మన కోచ్‌ల జాతి లక్షణం. అదే ఏడాది డిసెంబరు 18న పెద్ద తుపానులో ఓడకు నిప్పంటుకుంది. డెక్కు మీద జారిపోతున్న ఫోర్డ్‌ను అంచున ఉన్న సన్నని ఉక్కు గట్టు ఆపింది. లేకుంటే సముద్రంలో పడేవారు.

1948లో గ్రాండ్ రాపిడ్స్ నుంచి పోటీచేసి, సొంత పార్టీకే చెందిన సిట్టింగ్ సభ్యుణ్ణి, పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రాథమిక ఎన్నికలో ఓడించి కాంగ్రెస్‌కు, అంటే అమెరికా పార్లమెంటుకు వెళ్ళారు. 1949 జనవరి నుంచి దాదాపు పాతికేళ్ళు ప్రతినిధుల సభలో ఉన్నారు. తన పేరుతో ప్రసిద్ధికెక్కిన పెద్ద చట్టమేదీ లేదు. కేటాయింపుల సంఘంలో కూర్చుని రక్షణ శాఖ పద్దులు ఒక్కొక్కటీ చదవడం ఆయన పని. సెంటర్ స్థానం నుంచి ద్వితీయ జట్టు దాకా, అక్కడి నుంచి పద్దుల సంఘం దాకా ఆ మనిషి అదే పని చేస్తూ వచ్చారని నాకనిపిస్తుంది: బంతి అందించి, దెబ్బ కాచుకోవడం. ఫలితం ఆలస్యంగా వచ్చింది. 1965లో తన పార్టీ సభ్యుల్లో 73-67 ఓట్లతో గెలిచి మైనారిటీ నాయకుడు, అంటే సభలో తక్కువ బలమున్న పార్టీకి నాయకుడు అయ్యారు. 1973లో ఉపాధ్యక్షుడు ఆగ్న్యూ రాజీనామా చేశాక ఆ స్థానానికి సెనేట్ 92-3తో, ప్రతినిధుల సభ 387-35తో ఆయన్ను ఆమోదించాయి. ఎదుటి పార్టీ మెజారిటీలో ఉన్న సభల్లో అన్ని ఓట్లు ఊరికే రావు. 1974 ఆగస్టు 9న వాటర్‌గేట్ కుంభకోణం వల్ల అధ్యక్షుడు నిక్సన్ దిగిపోవడంతో ఆయన అధ్యక్షుడయ్యారు. దేశవ్యాప్త ఎన్నికలో అధ్యక్షుడిగా గానీ, ఉపాధ్యక్షుడిగా గానీ గెలవకుండా ఆ కుర్చీలో కూర్చున్నవారు ఆయనొక్కరే.

పాలనలో కోచ్ కనబడే చోట్లు రెండు చెబుతాను. 1976 జనవరిలో బడ్జెట్‌ను విలేకరులకు వివరించే పని అధికారులకు వదిలేయకుండా ఆయనే నిలబడి చేశారు. ట్రూమన్ తరువాత అలా చేసిన అధ్యక్షుడు లేరు. తన జాబితా తనకు కంఠతా వచ్చినవాడి ధీమా అది. రెండోది టైటిల్ నైన్. విద్యాసంస్థల్లో ఆడ, మగ వివక్ష కూడదన్న ఈ చట్టం 1972లో నిక్సన్ కాలంలో వచ్చింది. దాన్ని క్రీడలకు ఎలా వర్తింపజేయాలన్న నిబంధనలపై సంతకం చేసింది 1975లో ఫోర్డ్. కళాశాల ఫుట్‌బాల్ వర్గాలు గట్టిగా వ్యతిరేకించాయి. తమ డబ్బు అమ్మాయిల జట్లకు పోతుందని భయం. ఒకప్పుడు ఆయనదీ ఆ వర్గమే. అయినా సంతకం పెట్టారు. మన కళాశాలల్లో అమ్మాయిల కబడ్డీ జట్టుకు జెర్సీలు అడిగితే వచ్చే జవాబు విన్నవారికి ఆ సంతకం బరువు తెలుస్తుంది.

ఇప్పుడు ఆ చెడ్డ అలవాటు. కోచ్ నిర్ణయం చెబుతాడు, కారణం చెప్పడు. మైదానంలో అది చెల్లుతుంది. టైమ్ అవుట్ ముప్పై సెకన్లే, వివరించే వ్యవధి ఉండదు. 1974 సెప్టెంబరు 8, ఆదివారం ఉదయం, ఫోర్డ్ వాటర్‌గేట్ వ్యవహారంలో నిక్సన్‌కు క్షమాభిక్ష ప్రకటించారు. ముందు పార్టీలో నలుగురినీ సిద్ధం చేయలేదు, ప్రజలను అసలే సిద్ధం చేయలేదు. ఆయన పత్రికా కార్యదర్శి అదే రోజు రాజీనామా చేశారు. ఆగస్టులో 71 శాతంగా ఉన్న ప్రజామోదం సెప్టెంబరు ముగిసేసరికి 50 శాతానికి పడిపోయింది. 1976 అధ్యక్ష ఎన్నికలో కార్టర్ చేతిలో 297-240 ఎలక్టోరల్ ఓట్లతో ఓడిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణమని చాలామంది అంటారు. ఆ నిర్ణయమే ధైర్యమైనదంటూ 2001లో కెనెడీ కుటుంబం పేరున ఉన్న సంస్థ ఆయనకు పురస్కారం ఇచ్చింది. నిర్ణయం సరైనదే కావచ్చు. చెప్పిన తీరు మాత్రం కోచ్‌ది.

ఇదే జబ్బు నేను దగ్గరగా చూశాను. పీడీ ఉద్యోగం వదిలి సర్పంచ్‌గా గెలిచిన మిత్రుడొకరు ఉన్నారు. నిజాయితీపరుడు, చురుకైనవాడు. మురుగుకాలువ ఏ వీధి నుంచి మొదలుపెట్టాలో గ్రామసభలో ఒక్క ముక్కలో చెప్పేసి కూర్చున్నాడు. ఎందుకని అడిగిన పెద్దాయనకు ‘అంతే, నేను చూసుకుంటాను’ అని జవాబు. కాలువ మంచిగానే కట్టాడు. రెండోసారి మాత్రం గెలవలేదు. ఆటగాడికి జట్టులో ఉండాలన్న ఆశ ఉంటుంది కాబట్టి మాట వింటాడు. ఓటరుకు అలాంటి అవసరం లేదు, జట్టులోంచి మనల్ని తీసేసే అధికారం అతని చేతిలోనే ఉంది. గ్రూప్స్ రాసి అధికారి అయినా ఇది వర్తిస్తుంది, కాకపోతే దెబ్బ ఆలస్యంగా తగులుతుంది.

ఇంకో హెచ్చరిక. ఆటగాడన్న పేరు ప్రజాజీవితంలో మనల్ని కాపాడుతుందని ఆశించకండి. అమెరికా అధ్యక్షుల్లో ఫోర్డ్‌ అంతటి క్రీడాకారుడు అరుదు. అలాంటివాడు 1975 జూన్‌లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో విమానం మెట్ల మీద జారినందుకు, టీవీ హాస్య కార్యక్రమాలు ఆయన్ను కాలు నిలకడలేని మనిషిగా ఏళ్ళ తరబడి ఆటపట్టించాయి.

చివరగా మీరు అడిగిన మాట: లా చేయాలా, గ్రూప్స్ రాయాలా, ఉద్యోగం మానాలా? ఉద్యోగం ఇప్పుడే మానవద్దు. మూడింటినీ ఒకేసారి నెత్తిన పెట్టుకోవద్దు కూడా. ఎన్నికల వైపు మనసుంటే లా, పాలన వైపు ఉంటే గ్రూప్స్. ముందు అది తేల్చుకోండి. లా అయితే హాజరు నియమాలు కచ్చితంగా ఉంటాయి. మీ కళాశాల వేళలతో పొసుగుతుందో లేదో చేరకముందే లిఖితపూర్వకంగా కనుక్కోండి, యాజమాన్యం నుంచి అనుమతి పత్రం తీసుకోండి. గ్రూప్స్ అయితే అంతర్ కళాశాలల పోటీల రోజుల్లో చదువు సాగదని ముందే లెక్కలో వేసుకోండి. ఆ రోజుల్లో ఏమీ చదవలేదని బాధపడటం దండగ. మీ విశ్వవిద్యాలయ క్రీడల క్యాలెండరు వచ్చాక పోటీలు లేని నెలలు చూసి వాటికి కష్టమైన సబ్జెక్టులు కేటాయించండి. ప్రొవిజనల్ సర్టిఫికెట్ల నుంచి టోర్నమెంటు డ్యూటీ ఉత్తర్వుల దాకా అన్ని కాగితాలూ ఒక ఫైలులో ఉంచుకోండి. అనుభవ ధ్రువపత్రం అడిగిన రోజున ప్రైవేటు కళాశాలల్లో పాత రికార్డులు దొరకవు.